పట్టిక నిండిన మంగళవారం

"సంతకం పెడితే పెట్టు. లేకపోతే నీ బదులు నేనే పెట్టుకుంటాను. మధ్యాహ్నం లోపల ఈ కాగితం వెళ్ళిపోవాలి," అన్నాడు వసీమ్.

నిలోఫర్ కాగితం వైపు చూడలేదు. భర్త చేతి వైపు చూసింది. బత్తాయి తొనలు ఒక్కొక్కటే వలుచుకుని తింటూ, గింజల్ని అరచేతిలోకి ఉమ్మి, ఆ కాగితం అంచునే పేరుస్తున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్న ఒక మనిషి ఉద్యోగం ఊడబెరికే కాగితం అది. దాని మీద రెండు చోట్ల రసం కారి అక్షరాలు అలుక్కుపోయాయి.

ఆ మనిషి కిందే ఉన్నాడు. ఆఫీసు వరండాలో బల్ల మీద, పొద్దున్న ఎనిమిదింటి నుంచీ. కైకలూరు నుంచి మొదటి బస్సుకి వచ్చిన జాకబ్‌ని ఇంతవరకూ ఎవరూ లోపలికి రమ్మనలేదు. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు.

"అందులో ఏం రాశారో చదవండి," అంది.

"చదవడం వచ్చుగా నీకు?"

"మీ నోటితో వినాలని ఉందండీ."

వసీమ్ ఒక్క క్షణం తేరిపార చూసి, గొంతు సవరించుకుని చదివాడు. "మంగళవారం యడ్లగాడి వంతెన దగ్గర మా ఫైబరు కేబులు తెగినందువల్లా, దాన్ని వెంటనే అతకడంలో లైన్ సూపర్‌వైజర్ జాకబ్ నిర్లక్ష్యం చూపినందువల్లా, కొల్లేటి వైపు గ్రామాల్లో ఇంటర్నెట్ సేవలకి అంతరాయం కలిగింది. సదరు ఉద్యోగిని తొలగించడమైనది. ఈ విషయాన్ని నెట్‌వర్క్ ఇన్‌చార్జి నిలోఫర్ ధ్రువీకరిస్తున్నారు." చదివి, ఇంకో తొన నోట్లో వేసుకున్నాడు. "ఇందులో అబద్ధం ఏముంది? కేబులు తెగిందా లేదా?"

నిలోఫర్ పన్నెండేళ్ళ కాపురంలో ఆయన కోపం చూసింది, పిసినారితనం చూసింది, బద్ధకం చూసింది. వాటన్నిటితోనూ సర్దుకుంది. ఇంత శుభ్రంగా, తింటూ తింటూ ఒక మనిషిని ముంచడం మాత్రం ఇప్పుడే చూస్తోంది.

కిటికీ పక్కన కుర్చీలో మావగారు సైఫుల్లా కూర్చుని ఇంతసేపూ వింటున్నారు. ముప్పై ఏళ్ళ కిందట ఏలూరులో డాబాల మీద కేబుల్ టీవీ తీగలు తనే స్వయంగా లాగిన మనిషి. ఈ రోజున ఆ తీగల సంస్థే తాడేపల్లిగూడెం నుంచి కైకలూరు దాకా పన్నెండు వేల ఇళ్ళకి ఇంటర్నెట్ ఇస్తోంది. ఆయన ఒక్క మాట అంటే వసీమ్ చేతిలో కాగితం చిరిగిపోతుందని నిలోఫర్ నమ్మకం.

"మావయ్యా, మీరన్నా అడగండి. మంగళవారం అసలేం జరిగిందో మీకు తెలుసా?"

"నాకేం తెలుస్తుందమ్మా? తీగలూ డిష్షులూ అంటే చెప్పగలను గానీ, మీ పెట్టెల సంగతి నాకెక్కడ అర్థమవుతుంది?" అన్నారు సైఫుల్లా మెత్తగా. "అర్థమయ్యేలా చెప్పు. వింటాను."

నిలోఫర్ ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది.

"కింద ఏసీ గదిలో పెద్ద రూటరు ఉంది కదండీ. ప్రపంచంలో ఏ నెట్‌వర్క్‌కి ఏ దారిన వెళ్ళాలో దానిలో ఒక పట్టిక ఉంటుంది. కైకలూరు కస్టమరు తణుకులో ఎవరికో ఏదన్నా పంపితే, పెట్టె ఆ పట్టికలో వెతికి, ఈ లైను మీద పో అని తోసేస్తుంది. సెకనుకి కొన్ని లక్షల సార్లు వెతకాలి. అందుకని ఆ పట్టికని మామూలు మెమొరీలో పెట్టరు. బాగా వేగంగా వెతికే చిప్పు ఒకటుంది, అందులో పెడతారు. ఆ చిప్పులో గళ్ళు ఇన్నే అని ఉంటుంది. మన దాంట్లో పది లక్షలు."

"పది లక్షలు చాలవూ?"

"కొన్నప్పుడు చాలా ఎక్కువే అనుకున్నాం. అప్పటికి మొత్తం దారులు అందులో సగమే ఉండేవి. ప్రతి దేశంలోనూ, ప్రతి ఊళ్ళోనూ కొత్త నెట్‌వర్క్‌లు వస్తూనే ఉన్నాయి. మంగళవారం పొద్దున్న పదీ ఇరవైకి మన గళ్ళు నిండిపోయాయి."

"నిండితే ఆగిపోతుందా?"

"ఆగిపోతే బాగుండునండీ, తెలిసేది. ఆగదు. గడి దొరకని దారులని తన మామూలు ప్రాసెసరుకి అప్పజెప్తుంది. అది నెమ్మది. రెండు మూడు నిమిషాల్లో దానికి ఊపిరాడదు. ఇక మనకి ఇంటర్నెట్ అమ్మే పై కంపెనీలకి జవాబు ఇవ్వడం మానేస్తుంది. ఈ పెట్టె పోయిందనుకుని వాళ్ళు లైను వదిలేస్తారు. మళ్ళీ కలుస్తుంది. కలిసినప్పుడల్లా పది లక్షల దారులూ మొదటి నుంచీ నేర్చుకోవాలి. మళ్ళీ నిండుతుంది, మళ్ళీ పడుతుంది."

"మందు లేదా దీనికి?"

"ఎందుకు లేదు మావయ్యా? ఒకే వైపు వెళ్ళే, కొద్దిపాటి అడ్రసులకే పనికొచ్చే చిన్న చిన్న దారులు నాలుగుంటే కలిపి ఒకటిగా రాయొచ్చు. కొత్త రకం అడ్రసుల కోసం చిప్పులో పక్కన పెట్టిన గళ్ళు సగం ఖాళీగానే ఉన్నాయి. వాటిని పాత రకానికి మార్చుకోవచ్చు. కాకపోతే పెట్టెని ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యాలి, ఇరవై నిమిషాల పని. అది కూడా వద్దంటే, నీకు తెలియని అడ్రసు ఏదొచ్చినా పై కంపెనీకి పంపేసెయ్ అని ముందు ఒక్క లైను రాసి, ఆ తరువాత చిన్న దారులన్నీ తీసేయొచ్చు. అప్పుడు ఏదీ ఆగదు. ఇవన్నీ ఫిబ్రవరిలోనే మూడు మెయిళ్ళు రాశాను. క్రికెట్ మ్యాచులు అయిపోయాక చూద్దాం అన్నారు మీ అబ్బాయి."

"వంద మెయిళ్ళు పెడుతుంది. అన్నీ చదువుతూ కూర్చుంటే పని ఎవరు చేస్తారు?" అన్నాడు వసీమ్.

"మంగళవారం నేను తాడేపల్లిగూడెంలో ఉన్నాను. పదకొండు కాకముందే ఎవరో చిన్న దారులన్నీ ఒక్క దెబ్బకి తీసేశారు. ముందు రాయాల్సిన లైను రాయలేదు. పట్టికలో సగానికి పైగా చిన్నవే మావయ్యా. తీసినవాటిలో చాలావాటికి వేరే పెద్ద దారి ఉంది కాబట్టి బతికాయి. ఆ చిన్నదారి తప్ప ఇంకోటి లేనివి మాత్రం పోయాయి. తణుకులో గుండె డాక్టరుగారి ఆసుపత్రి వాటిలో ఒకటి. కైకలూరు నుంచి ఆ పేషెంటు ఈసీజీ వెళ్ళనిది అక్కడికే. నేను రెండింటికి వచ్చి ఆ ఒక్క లైనూ రాస్తే అన్నీ వచ్చేశాయి."

సైఫుల్లా కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

అత్తగారు హలీమా టీ కప్పులతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "కింద ఎవరో మాష్టారుగారు వచ్చేరు. వాళ్ళావిడ ఆసుపత్రిలో ఉందట," అంది. ఆమె గొంతు చిన్నదైంది. "ఆ ఈసీజీ వాళ్ళేననుకుంటాను."

వసీమ్ గింజలన్నీ దులిపి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అద్దంలో ఒకసారి మొహం చూసుకున్నాడు. దిగి వెళ్ళేటప్పటికి ఆ మొహం మీద బాధ ఒకటి సిద్ధంగా ఉంది.

*

పురుషోత్తం మాష్టారు కైకలూరులో లెక్కలు చెప్పి కిందటేడే రిటైరయ్యారు. రెండు రాత్రులు ఆసుపత్రి బెంచీ మీద పడుకున్న మనిషి. చొక్కా నలిగిపోయి ఉంది గానీ గుండీలన్నీ పెట్టుకునే ఉన్నారు. ఆఫీసులో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. వరండాలో జాకబ్ పక్కన, అదే బల్ల మీద కూర్చున్నారు. జాకబ్ లేవబోతే మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"ఎలా ఉన్నారండీ అమ్మగారు?" అన్నాడు వసీమ్.

"ఉందండి. మాట్లాడుతోంది. గుండెలో కొంత భాగం ఇక పని చెయ్యదన్నారు. ఒక్క అరగంట ముందు మందు పడి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదన్నారు డాక్టరుగారు." ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. "నేను దెబ్బలాటకి రాలేదండి. ఒకటి తెలుసుకుని వెళ్దామని వచ్చేను. మంగళవారం పదకొండూ అయిదుకి కైకలూరు క్లినిక్‌లో మా కామేశ్వరికి ఈసీజీ తీసేరు. తణుకు పంపితే వెళ్ళలేదు. మళ్ళీ పంపేరు, వెళ్ళలేదు. మిగతావన్నీ వస్తున్నాయే, అదొక్కటే వెళ్ళదేమిటి అని ఆ అమ్మాయి పాపం కంప్యూటర్ ఆపి వేసింది. చివరికి పదకొండూ నలభై అయిదుకి సెల్లులో ఫోటో తీసి పంపితే, డాక్టరుగారు చూసి వెంటనే మందు చెప్పేరు. ఈ నలభై నిమిషాలూ ఏమైంది?"

"ఏం చెప్పమంటారండీ," వసీమ్ చేతులు రెండూ కట్టుకున్నాడు. "వంతెన దగ్గర కేబులు తెగిందండి. మా మనిషే, దాచుకోవడం ఎందుకు, ఈ జాకబే చూసుకోవాలి. చూసుకోలేదు. అందుకే ఈ రోజు పని నుంచి తీసేస్తున్నాం. మీకు చెప్పుకోవడానికి మాకూ సిగ్గుగానే ఉందండి."

జాకబ్ తల వంచుకుని తన బొటనవేలు వైపు చూస్తున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. వాన పడ్డా, కొల్లేరు పొంగినా, మోకాలి లోతు నీళ్ళలో నిచ్చెన భుజాన వేసుకుని స్తంభం ఎక్కిన మనిషి.

"కేబులు ఇతనే చూసుకోలేదని ఎవరో అంటే, నిన్న మా వీధివాళ్ళు ఇతని ఇంటి మీదకి వెళ్ళేరటండి," అన్నారు మాష్టారు. "ఇతని భార్యని నలుగురిలో నానా మాటలూ అన్నారట. నా భార్య పేరు చెప్పి అన్నారు. అది విన్న దగ్గర్నుంచీ నాకు స్థిమితం లేదు. తప్పు మనిషిని తిట్టుకోవడం నాకు ఇష్టం లేదండి. అందుకే అడుగుతున్నాను. తెగింది ఎన్నింటికి?"

"పొద్దున్నేనండి."

"ఎన్నింటికండీ?"

వసీమ్ నవ్వబోయి మానుకున్నాడు. "టైము చూసి తెగుతాయా మాష్టారూ కేబుళ్ళు?"

ఆ మాట విని నిలోఫర్ ఇక అక్కడ నిలబడలేకపోయింది. వసీమ్ పూసుకున్న అత్తరు వాసన వరండా అంతా నిండి ఉంది. ఆ వాసన తన బట్టలకీ ఉంటుందని గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

"నేను చూసి చెప్తాను మాష్టారూ. అయిదు నిమిషాలు కూర్చోండి," అంది.

*

ఏసీ గదిలో రూటరు ఫ్యాను రొద చేస్తోంది. నిలోఫర్ ల్యాప్‌టాప్ తెరిచి, పెట్టె తనంతట తాను రాసుకునే లాగ్‌ని మంగళవారం దాకా వెనక్కి జరిపింది. గూడెం నుంచి వచ్చిన రోజు బాగుచేసే తొందరలో ఇంత లోతుగా చూడలేదు.

పదీ ఇరవై. గళ్ళు నిండాయని మొదటి హెచ్చరిక. తరువాత వరసగా అలాంటివే.

పదీ యాభై రెండు. చిన్న దారులన్నీ తొలగింపు. ఆ ఆజ్ఞ ఇచ్చినవారు: నిలోఫర్.

ఆమె కళ్ళు ఆ మాట మీదే ఆగిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది. మంగళవారం పదిన్నర దాటాక, గూడెంలో డాబా మీద యాంటెన్నా బిగిస్తుంటే వసీమ్ ఫోను చేశాడు. గ్రాఫు ఏదో చూడాలి, నా పాస్‌వర్డు పని చెయ్యడం లేదు, నీది చెప్పు అన్నాడు. ఎండలో నిలబడి, భర్త అడిగాడు కదా అని, అక్షరం అక్షరం చెప్పింది.

ఇంకా కిందకి జరిపింది. కైకలూరు వైపు ఫైబరు లైను ఆగిపోయిన సమయం దొరికింది. పన్నెండూ పది.

తలుపు తెరుచుకుంది. వసీమ్ లోపలికి వచ్చి, తలుపు వేసి, వీపు దానికి ఆనించాడు.

"చూశావా?"

"చూశాను. నా పేరుతో చేశారు."

"కావాలని కాదు. ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. నీ మెయిల్లో ఉన్నదే చేశాను. చిన్నవి తీసేయొచ్చు అని నువ్వే రాశావు."

"దానికి ముందు లైను కూడా రాశాను. అది చదవలేదా?"

వసీమ్ చూపు రూటరు వైపు తిప్పుకున్నాడు.

"నన్ను అడగొచ్చుగా? ఫోన్లోనే ఉన్నానుగా? పాస్‌వర్డు అడగడానికి నోరొచ్చింది, ఏం చెయ్యాలో అడగడానికి రాలేదా?"

"నిన్ను అడిగితే, చూశారా నేను ముందే చెప్పాను అంటావు. జీవితాంతం అంటావు."

నిలోఫర్ ఆయన మొహంలోకి చూసింది. ఒక ఆడమనిషి గుండెలో కొంత చచ్చిపోవడానికి కారణం ఇంత చిన్నదా? భార్య చేత ఒక మాట పడాల్సి వస్తుందనా?

"అయినా కేబులు తెగింది పన్నెండూ పదికి. ఈసీజీ వెళ్ళనిది పదకొండూ అయిదుకి. దీన్ని దానికి ఎలా అంటగడతారండీ? ఆయన లెక్కల మాష్టారు."

"టైములు ఎవరు చూస్తారు? నువ్వు చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది?" వసీమ్ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. బతిమాలుతున్నట్టే ఉంది. "విను నిలోఫర్. జాకబ్ ఒక్కడు. ఆర్నెల్లు ఆగి తణుకులో ఎక్కడో పెట్టిద్దాం. ఆ మనిషి ఏమీ అనడు, పడటం అలవాటైన ప్రాణం. మనం అలా కాదు. పన్నెండు వేల ఇళ్ళు. లైసెన్సు. పిల్లలు."

"అలవాటైన ప్రాణం," అంది నిలోఫర్. ఆ మాట తన నోట్లో పెట్టుకుని చూసుకున్నట్టుగా అంది. వెంటనే ఉమ్మేయాలనిపించింది.

"సరే, అలా అయితే ఇలా విను," వసీమ్ మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. "నువ్వు నోరు తెరిస్తే ఆ లాగ్ బయటికొస్తుంది. అందులో నా పేరు లేదు. నీ పేరుంది. గూడెంలో ఉన్నా ల్యాప్‌టాప్‌తో ఎక్కడి నుంచైనా చెయ్యొచ్చు. జనం ఎవర్ని అడుగుతారో ఆలోచించుకో."

"అంటే నన్ను కూడా ఆ కాగితంలో రాస్తారన్నమాట, జాకబ్‌తో పాటు."

"రాయించుకోకు అంటున్నాను."

హలీమా తలుపు తోసుకుని వచ్చింది. ఎంతసేపటి నుంచి బయట ఉందో తెలియదు. "అమ్మాయ్, మగాడన్నాక తొందరపాటు ఉంటుంది. ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉండాలి. ఆ మాష్టారు మంచాయన. ఏది చెప్పినా నమ్ముతాడు."

"అందుకేనా అత్తమ్మా అబద్ధం చెప్పమంటున్నారు? నమ్ముతాడనా?"

హలీమా మొహం అటు తిప్పుకుంది. నిలోఫర్ ల్యాప్‌టాప్ తీసుకుని, ఇద్దరి మధ్యలోంచి బయటికి నడిచింది. వసీమ్ చెయ్యి ఆమె భుజానికి తగిలింది. ఆమె ఆ భుజాన్ని కొంగుతో తుడుచుకుంది. అది ఆయన చూశాడు.

*

వరండాలోకి సైఫుల్లా కూడా దిగి వచ్చి, గోడ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన్ని చూడగానే నిలోఫర్‌కి కొంత ధైర్యం వచ్చింది.

"మాష్టారూ, పదకొండూ అయిదుకి కేబులు బాగానే ఉంది," అంది. "తెగింది పన్నెండూ పదికి. మీ ఈసీజీ వెళ్ళకపోవడానికి కారణం కేబులు కాదు, జాకబ్ గారు కాదు. మా రూటరులో దారుల పట్టిక నిండిపోయింది. దాన్ని తగ్గించడానికి పదీ యాభై రెండుకి ఏసీ గదిలోంచే తణుకు దారి తీసేశారు. తప్పుగా తీసేశారు. లాగ్‌లో నా పేరుంది. ఆ టైముకి నేను గూడెంలో డాబా మీద ఉన్నాను. నా పాస్‌వర్డు నా భర్తకి చెప్పాను. చెప్పడం నా తప్పే."

"పిచ్చి పట్టింది దీనికి," అన్నాడు వసీమ్. "తన తప్పు నా మీదకి తోస్తోందండీ. చూడండి, పేరెవరిదుందో మీరే చూడండి."

పురుషోత్తం మాష్టారు ల్యాప్‌టాప్ వైపు వంగి, రెండు అంకెలూ తన కాగితం మీద రాసుకున్నారు. రెండింటి మధ్య తేడా లెక్కవేసుకున్నారు. రోడ్డు మీద రొయ్యల మేత లారీ ఒకటి వెళ్ళింది.

"పదకొండూ అయిదు సంగతి అర్థమైందమ్మా," అన్నారాయన. "పన్నెండూ పది అర్థం కాలేదు. పొద్దున్న పెట్టె నిండడం, మధ్యాహ్నం కేబులు తెగడం, రెండూ ఒకే రోజు ఎలా వచ్చేయి?"

నిలోఫర్ అది ఆలోచించలేదు. ఏ జేసీబీయో తగిలి ఉంటుందనుకుంది.

"తెగలేదండి."

ఆ గొంతు విని అందరూ తిరిగారు. మూడు గంటల్లో జాకబ్ మాట్లాడటం అదే మొదలు.

"తెగలేదండి. నేనే కోసేనండి." అతను ఇంకా తన కాలి బొటనవేలు వైపే చూస్తున్నాడు. "వంతెన దగ్గర జాయింటు డబ్బా తీసి, కటింగ్ ప్లయరుతో కోసేను. కోసి, మళ్ళీ మధ్యాహ్నం రెండింటికి అతికేను. కొయ్యమన్నారండి, కోసేను. ఎందుకో నాకు చెప్పలేదండి. ఆ రెండు గంటల్లో ఇంకో ఇంట్లో ఎవరికేం అవసరం పడిందో నాకు తెలీదు. నిన్న మా ఆవిడ్ని అంటుంటే, సగం నిజమే కదా అని నేను నోరెత్తలేదండి."

"ఎవరు కొయ్యమన్నారు?" అంది నిలోఫర్. అంటూనే వసీమ్ వైపు తిరిగింది.

వసీమ్ నోరు తెరుచుకుని ఉంది. ఆయనకి నటించడం వచ్చు. అది నటన కాదు. ఈ సంగతి ఆయనకీ తెలియదు.

జాకబ్ మెల్లగా తలెత్తి, గోడ పక్క కుర్చీ వైపు చూశాడు.

సైఫుల్లా కళ్ళజోడు సర్దుకున్నారు. "నేనే చెప్పాను," అన్నారు, పొద్దున మాట్లాడినంత మెత్తగానే. "పదకొండున్నరకి వసీమ్ ఏడుస్తూ పైకి వచ్చాడు, ఏదో తీసేశాను, ఫోన్లు ఆగడం లేదని. కేబులు తెగితే జనం అర్థం చేసుకుంటారమ్మా. వాన, లారీ, ఎలక. ఎవర్నీ ఏమీ అనరు. పెట్టె నిండిందంటే, నిండేదాకా ఏం చేస్తున్నావని అడుగుతారు. అందుకని ఒకటి తెగితే మంచిదనిపించింది."

"మీకు అంతా తెలుసా?" అంది నిలోఫర్. "అర్థమయ్యేలా చెప్పమన్నారు. గంటసేపు చెప్పాను. విన్నారు."

"నువ్వు ఎంత చూశావో తెలుసుకోవద్దూ?"

ఇంతసేపూ వసీమ్ మీద పుట్టిన రోత చాలా చిన్నదనిపించింది. ఆయన భయపడి దాక్కున్నాడు. ఈయన భయపడలేదు. తీరిగ్గా ఫోను తీసుకుని, నమ్మిన మనిషి చేతే కోయించి, ఆ కోసిన చేతినే ఈ వేళ జనానికి చూపించబోయాడు. ఈ మనిషి ముందు కూర్చుని తను చిన్నపిల్లలా చెప్పుకుపోయింది, న్యాయం చేస్తాడని.

"మాష్టారూ, ఆ కాగితం ఒకసారి ఇటివ్వండి," అంది.

ఆయన ఇచ్చారు. నిలోఫర్ మోకాలి మీద పెట్టుకుని, ఆయన రాసుకున్న అంకెల పక్కనే రాసింది. పదీ యాభై రెండు, తణుకు దారి తీసేసినది వసీమ్, నా పాస్‌వర్డుతో. పన్నెండూ పది, కేబులు కోయించినది సైఫుల్లా. ఫిబ్రవరి నుంచీ పెట్టె నిండుతోందని తెలిసి, మెయిళ్ళు రాసి ఊరుకున్నది నేను. కింద సంతకం పెట్టింది.

"నిలోఫర్!" గుమ్మంలోంచి హలీమా అంది. "ఆ కాగితం ఈ గేటు దాటితే నువ్వూ దాటినట్టే. పిల్లలు మాత్రం దాటరు. గుర్తుపెట్టుకో."

నిలోఫర్ కాగితం మాష్టారికి ఇవ్వలేదు. పక్కకి జరిగి, జాకబ్ ముందు పెట్టింది.

"మీరు కోశానని, ఎవరు చెప్తే కోశారో మీరే రాయాలి జాకబ్ గారూ. అది లేకపోతే ఇది నా ఒక్కదాని మాట అయిపోతుంది."

సైఫుల్లా కుర్చీలోంచి లేవలేదు. గొంతు కూడా పెంచలేదు. "జాకబ్," అన్నారంతే. పంతొమ్మిదేళ్ళుగా పిలిచినట్టే పిలిచారు.

జాకబ్ ఆయన్ని చూశాడు. మాష్టారిని చూశాడు. నిలోఫర్ చాపిన పెన్ను వైపు చూశాడు. అందుకోలేదు. వద్దనీ అనలేదు.